ఏం కాలేదులే

మొన్న సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు సూర్యాపేట నుంచి హైదరాబాద్ వస్తున్నాం, కారు నాన్న నడుపుతున్నాడు, నేను పక్క సీట్లో ఒళ్లో సకినాల డబ్బా పెట్టుకుని కూర్చున్నా. చౌటుప్పల్ దాటాక రాంగ్ రూట్లో ఒక ఆటో, లైట్లు కూడా లేకుండా, సరిగ్గా మా ముందుకొచ్చింది. నాన్న బ్రేక్ తొక్కిన తొక్కుడుకి డబ్బా మూత ఊడి సకినాలన్నీ కాళ్ల దగ్గర పడ్డాయి. ఆటో అతను చెయ్యి ఊపి వెళ్లిపోయాడు. నాన్న గేరు మార్చి "ఏం కాలేదులే" అన్నాడు.

నిజమే, ఏం కాలేదు. కానీ ఎమ్మెస్‌లో ఒక సెమిస్టర్ మొత్తం ఇలాంటి "ఏం కాలేదులే"లు చూడటమే నా పని కాబట్టి ఆ మాట నాకు మామూలుగా వినపడదు.

అమెరికాలో ఎస్‌హెచ్‌ఆర్‌పీ 2 (స్ట్రాటజిక్ హైవే రీసెర్చ్ ప్రోగ్రామ్) కింద, జనం రోజూ కారు ఎలా నడుపుతారో చూసే ఒక పెద్ద స్టడీ జరిగింది, రోడ్డు సేఫ్టీ లైన్లో ఉన్నవాళ్లు "షార్ప్ టూ" అంటారు. 2010 నుంచి 2013 వరకు ఆరు చోట్ల (సియాటిల్, టాంపా, బఫెలో చుట్టుపక్కల, నార్త్ కరోలైనాలో డరమ్, ఇంకా ఇండియానా, పెన్సిల్వేనియాల్లో ఒక్కో చోట) మూడు వేల మందికి పైగా మామూలు జనం సొంత కార్లకు కెమెరాలు, రాడార్, జీపీఎస్ బిగించి, "మీ పని మీరు చేసుకోండి" అని వదిలేశారు. పదహారేళ్ల పిల్లల నుంచి తొంభై దాటిన ముసలాళ్ల దాకా ఉన్నారు. పక్కన ఎవరూ కూర్చోరు, ఎక్కడికి వెళ్లమనీ చెప్పరు, ఆఫీసుకి, కూరగాయలకి, స్కూల్లో పిల్లల్ని దింపడానికి వెళ్తూ ఉంటే కారే రాసుకుంటూ పోతుంది. అలా యాభై లక్షలకు పైగా ట్రిప్పులు పోగయ్యాయి. డేటా అంతా బ్లాక్స్‌బర్గ్‌లో, వర్జీనియా టెక్ వాళ్ల ట్రాన్స్‌పోర్టేషన్ ఇన్‌స్టిట్యూట్ దగ్గర ఉంటుంది.

అంత డేటా ఉన్నా తవ్వేవాళ్లు లేకపోతే ఏం లాభం? అందుకే అక్కడి కేంద్ర ప్రభుత్వ రోడ్ల శాఖ (ఫెడరల్ హైవే) వాళ్లు, టీఆర్‌బీ కలిసి దీనితోనే విద్యార్థులకు పేపర్ పోటీ కూడా పెట్టారు. టీఆర్‌బీ అంటే ట్రాన్స్‌పోర్టేషన్ రీసెర్చ్ బోర్డ్, ఏటా జనవరిలో వాషింగ్టన్‌లో మా రోడ్లు, రవాణా ఫీల్డ్ వాళ్లందరికీ జాతర జరిపేవాళ్లు. ఇలా రోడ్డు మీద నిజంగా నడిచిన కార్ల డేటాతో పెట్టిన పోటీ ఒకదానికి నేనూ, మా రూమ్మేట్ కాకినాడ అబ్బాయీ పేపర్ వేశాం. ముందే చెప్పేస్తున్నా, ప్రైజ్ రాలేదు.

మా ప్రశ్న చాలా చిన్నది. రెండు లైన్ల రోడ్డు మీద వంపు వస్తుంటే, వానలో జనం ఎంత ముందు నుంచి స్లో చేస్తారు? వంపులు ఎక్కడున్నాయో తెలుసుకోవడం పెద్ద కష్టం కాదు, ఆ ఆరు రాష్ట్రాల్లో సుమారు 12,500 మైళ్ల రోడ్డుని వ్యాన్లతో తిరిగి వంపులు, బోర్డులు, లైన్లు అన్నీ కొలిచి పెట్టేశారు. వానే కష్టం. డేటాలో "వాన" అని కాలమ్ లేదు, వైపర్ ఆన్‌లో ఉందా లేదా అని ఉంది, అది కూడా కొన్ని కార్లకే వస్తుంది. సరే, వైపర్ తిరిగితే వాన పడినట్టే కదా అనుకుని కోడ్ రాసేశాం. మూడు వారాల తర్వాత గ్రాఫ్ చూస్తే వానలోనూ ఎండలోనూ జనం ఒకేలా నడుపుతున్నారు! అబ్బో, కొత్త విషయం కనిపెట్టామని ఆ రాత్రి బిర్యానీ కూడా తెప్పించుకున్నాం.

మర్నాడు ఎందుకో ముందు కెమెరా వీడియోలు కొన్ని తెరిచి చూశాం. మొదటిదాంట్లో ఫెళఫెళలాడే ఎండ. వైపర్ రెండుసార్లు అటూ ఇటూ తిరిగి ఆగిపోయింది. ఎవరో అద్దం మీద దుమ్ము కడుక్కుంటున్నారు. రెండోదాంట్లోనూ అంతే. "ఒరే, ఇక్కడ వానే లేదురా" అన్నాడు మావాడు, తినగా మిగిలిన బిర్యానీ గిన్నె పట్టుకుని. వైపర్ కనీసం ఇన్ని నిమిషాలు ఆగకుండా తిరిగితేనే వాన అని మళ్లీ మొదటి నుంచి లెక్క వేస్తే ట్రిప్పులు సగానికి పైగా ఎగిరిపోయాయి.

ముఖాల వీడియో మాత్రం మా చేతికి రాదు. అది చూడాలంటే దానికోసం పెట్టిన సెక్యూర్ గదిలోనే కూర్చుని చూడాలి. జీపీఎస్‌లో కూడా ట్రిప్ మొదలు, చివర కోసేసి ఇస్తారు, లేకపోతే ఎవరి ఇల్లు ఎక్కడో తెలిసిపోతుంది. పక్కన కూర్చున్నవాళ్లు ఒప్పుకుంటూ ఏ సంతకమూ పెట్టలేదు కాబట్టి కారు లోపల తీసిన ఫొటో శాశ్వతంగా మసకే. మొదట్లో ఇదంతా చిరాగ్గా అనిపించింది, తర్వాత మా అమ్మ కారులో ఇలా కెమెరా ఉంటే ఎలా ఉండాలనుకుంటానో ఆలోచించి నోరు మూసుకున్నా.

అసలు నేర్చుకున్నది ఏంటంటే, గుద్దిన వీడియోలు ఎన్ని చూసినా ఏమీ తేలదు. గుద్దిన వందమందిలో పదిమంది ఫోన్ పట్టుకున్నారు అనుకుందాం. అయితే? గుద్దకుండా క్షేమంగా ఇల్లు చేరిన వందమందిలో ఎంతమంది పట్టుకున్నారు? అది తెలియకుండా ఫోన్‌ని తిట్టి లాభం లేదు. అందుకే ఆ డేటాలో ఏమీ జరగని వీడియో ముక్కలు వేలకొద్దీ ఏరి పెట్టారు. 2016లో వచ్చిన ఒక పేరున్న పేపర్‌లో 905 గుద్దుళ్లను దాదాపు 20 వేల మామూలు ముక్కలతో పోల్చి, చేత్తో ఫోన్ పట్టుకుని నంబర్ నొక్కుతూ నడిపితే ముప్పు సుమారు 12 రెట్లు అని తేల్చారు. దానికంటే ముందు, 2000ల మొదట్లో వంద కార్లతో చేసిన స్టడీలో 82 గుద్దుళ్లు దొరికితే, త్రుటిలో తప్పినవి 761. వాటిని "నియర్ క్రాష్" అంటారు, అంటే మా నాన్న భాషలో ఏం కాలేదులే.

మన దగ్గర ఏ లెక్కయినా గుద్దిన తర్వాతే మొదలవుతుంది. 2022లో దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు, కేంద్రం రిపోర్టులో అందులో నూటికి 70 మందికి పైగా ఓవర్ స్పీడ్ ఖాతాలోనే. నాకు ఈ అంకె మీద అంత నమ్మకం లేదు. వేగం కారణం కాదని కాదు, కానీ గుద్దడానికి పది సెకన్ల ముందు ఏం జరిగిందో చూసినవాడు లేనప్పుడు "అతివేగంగా, నిర్లక్ష్యంగా" అని రాసేయడం అందరికీ సులువు. డివైడర్‌లో ఊరివాళ్లు పగలగొట్టి చేసుకున్న సందు, మట్టిలో కలిసిపోయిన రోడ్డు అంచు, వెలగని లైటు, ఇవేవీ ఆ రెండు మాటల్లోకి రావు.

ఆ మట్టి అంచు గురించి పట్టించుకున్నవాళ్లు హైదరాబాద్‌లోనే ఉన్నారని చాలా ఆలస్యంగా తెలిసింది. ట్రిపుల్ ఐటీ వాళ్లు 2018లో హైదరాబాద్, బెంగళూరు రోడ్ల మీద కారులో తిరిగి, పది వేల ఫొటోల్లో ప్రతి వస్తువునీ గీతలు గీసి గుర్తించి ఇండియా డ్రైవింగ్ డేటాసెట్ అని విడుదల చేశారు. అందులో ఆటోకి సొంత లేబుల్ ఉంది, జంతువులకు ఉంది, "రోడ్డు కాదు కానీ బండి పోవచ్చు" అనే మట్టి అంచుకి కూడా ఉంది. ఆ డేటాతో పోటీలు కూడా పెట్టారు, మొదటిది ఆ ఏడే మ్యూనిక్‌లో జరిగిన పెద్ద కాన్ఫరెన్స్‌లో. అయితే అది కెమెరాకి రోడ్డు చూడటం నేర్పే డేటా, డ్రైవర్ ఏం చేశాడో చెప్పేది కాదు. అలాంటిది మనకీ ఒకటి ఉండి, మన ఇంజనీరింగ్ పిల్లలు ఫైనలియర్ ప్రాజెక్ట్ కొనుక్కోకుండా దాని మీద మూడు వారాలు వైపర్లతో తన్నుకుంటే ఎంత బాగుండునో.

చౌటుప్పల్ ఆటో సంగతి ఇంకా అయిపోలేదు. నాన్న కారుకి డాష్‌క్యామ్ పోయినేడు నేనే కొనిచ్చా. ఆటో వచ్చిన ఆ క్లిప్ కావాలని నాలుగు రోజుల తర్వాత కార్డు తీసి చూస్తే లేదు. పాతవాటి మీద కొత్తవి రాసుకుంటూ పోతుంది, గట్టి కుదుపు తగిలితేనే ఆ ముక్కని చెరపకుండా దాస్తుంది. మరి అంత బ్రేక్ కొడితే ఎందుకు దాయలేదని సెట్టింగ్స్ తెరిస్తే సెన్సర్ "లో"లో ఉంది.

"స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా బీప్ బీప్ అంటుంటే నేనే తగ్గించా" అన్నాడు నాన్న.