గ్రాఫ్‌లో రెండో మెట్టు కోసం నేను పడ్డ పాట్లు

నిన్న సాయంత్రం నా బ్యాక్టీరియా ఎదుగుదల గ్రాఫ్‌లో రెండో మెట్టు వచ్చింది. ఆ సంతోషం తగ్గకముందే రాసేస్తున్నా.

ఎమ్మెస్సీ ప్రాజెక్టు నాది. ఈ.కోలై అనే పేగుల్లో ఉండే బ్యాక్టీరియాకి గ్లూకోజు, లాక్టోజు (పాలలోని చక్కెర) కలిపి పెడితే ముందు గ్లూకోజంతా తినేస్తుంది, అది అయిపోగానే ఎదుగుదల ఆగిపోతుంది, ఆ విరామంలో లాక్టోజును విడగొట్టే బీటా గెలాక్టోసైడేజ్ ఎంజైమును తయారు చేసుకుని మళ్లీ పెరుగుతుంది. ఝాక్ మోనో 1940ల మొదట్లో పట్టుకున్న సంగతి ఇది. ఆ దారిలోనే వెళ్లి ఆయన, ఫ్రాన్స్వా జాకబ్ కలిసి లాక్ ఓపెరాన్ (లాక్టోజును వాడుకునే జీన్లన్నీ ఒకే స్విచ్ కింద ఉండే గుంపు) దాకా వచ్చారు, 1965లో నోబెల్ అందుకున్నారు.

ఎం9 మీడియా (బ్యాక్టీరియాను పెంచే ద్రావణం), 37 డిగ్రీల షేకర్, ఓడీ రీడింగులు (ద్రావణం ఎంత మసకబారిందో చూసి ఎదుగుదల కొలవడం), వీటితో ఏ ఇబ్బందీ లేదు. లాక్టోజును మాత్రం ఆటోక్లేవ్‌లో (వేడి ఆవిరితో క్రిముల్ని చంపే యంత్రం) పెట్టకండి, ఫిల్టర్ చేయండి.

అసలు నరకం తర్వాత మొదలైంది. గ్లూకోజు అయిపోయాక గీత అడ్డంగా పడుకుంది, ఇక లేవలేదు. తెల్లారేదాకా కూర్చున్నా లేవలేదు. ల్యాబ్ మీటింగ్‌లో గ్రాఫ్ తెర మీద వేసి సార్ అడిగిన మొదటి మాట, "రాత్రి నిద్రపోయావా అమ్మా?" అని. జూనియర్లు నవ్వారు. పైపెట్ పట్టుకోవడం మళ్లీ నేర్చుకోమని పెద్ద స్కాలర్ గారొకరు సలహా కూడా ఇచ్చారు, ఆ స్ట్రెయిన్ (ఈ.కోలై రకం) నా చేతికిచ్చింది ఆయనే! డబ్బా మీద 'ఈ.కోలై' అని తప్ప ఇంకేమీ లేదు. అది ఊరి పేరు రాయకుండా ఉత్తరం వేసినట్టే.

నా చేతి మీద నాకు నమ్మకముంది, అందుకే ఎవరితోనూ వాదించకుండా ఆ బ్యాక్టీరియాను మాకాంకీ ప్లేట్ (లాక్టోజు, రంగు కలిపిన పోషకం) మీద గీశాను. లాక్టోజు తినే బ్యాక్టీరియా అయితే అందులో కాలనీలు గులాబీ రంగులోకి తిరగాలి, నావి పాలిపోయి ఉన్నాయి. పాత రిజిస్టర్లు తిరగేస్తే దొరికింది, అది డీహెచ్5 ఆల్ఫా! క్లోనింగ్ కోసం, పనిచేసే లాక్‌జడ్ జీన్ (బీటా గెలాక్టోసైడేజ్‌ను తయారు చేయించేది) లేకుండా తయారు చేసిన రకం. ఎంజైమే చేసుకోలేని దానికి ఎన్ని రాత్రులు కాపలా కాస్తే మాత్రం ఏం లాభం? సార్‌కి ప్లేట్ చూపిస్తే "సరే" అన్నారు, అంతే. నవ్వినవాళ్ల ముందు ఇంకో మాట అని ఉంటే బాగుండేది. పిల్లల చేతుల్ని అనుమానించే ముందు ఫ్రీజర్‌ని అనుమానించాలి.

వేరే ల్యాబ్ నుంచి లాక్టోజు తినగలిగే ఎంజీ1655 అనే ఈ.కోలై రకం తెచ్చుకున్నా. ఈసారి విరామం, ఆ తర్వాత రెండో మెట్టు, రెండూ చక్కగా వచ్చాయి. ఆ ఎంజైము ఉంటే పసుపు రంగుకి తిరిగే ఓఎన్‌పీజీ అనే రసాయనం వేస్తే గ్లూకోజు దశ శాంపిళ్లు దాదాపు రంగు లేకుండా ఉండిపోయాయి, విరామం చివరివి లేత పసుపు, లాక్టోజు దశవి చూస్తుండగానే చిక్కటి పసుపు. గ్లూకోజు ఉన్నంతసేపు లాక్టోజును లోపలికి రానివ్వకపోవడం, సైక్లిక్ ఏఎంపీ (జీన్‌ను పని చేయించడానికి సాయపడే సంకేత అణువు) తక్కువగా ఉండటం, ఈ రెండూ కలిసి జీన్‌ను తొక్కిపెడతాయని చదివింది టెస్ట్ ట్యూబులో కనిపించింది.

ఆ కల్చర్‌కి మళ్లీ గ్లూకోజు వేసి కూడా చూశా. ఉన్న ఎంజైమును కణం పారేయదు, కొత్తది చేయడం బాగా తగ్గిస్తుంది, పాతది విభజన విభజనకీ పిల్ల కణాల మధ్య పంచుకుపోతూ పలచబడుతుంది.

ఎంజీ1655 గ్లిసరాల్ స్టాకులు (గడ్డకట్టించి దాచే నమూనాలు) చేసి డిపార్ట్‌మెంట్ ఫ్రీజర్ పై అరలో పెట్టాను, ప్రతి ట్యూబు మీదా స్ట్రెయిన్ పేరు, జీనోటైప్ (ఏ జీన్లు ఉన్నాయో, ఏవి లేవో), తేదీ రాశా. కావాల్సిన జూనియర్లు అడగండి, ఇస్తాను.