మెటల్ వాల్వు పెట్టాక ఐఎన్ఆర్ కుదురుకోవడం: నా అనుభవం

చిన్నప్పుడు వచ్చిన కీళ్లవాతపు జ్వరం నా గుండెలో మైట్రల్ వాల్వును పాడుచేసింది. పెళ్లయి పిల్లలు పుట్టాక, మెట్లెక్కితే ఆయాసం మొదలైంది. హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసి మెటల్ వాల్వు పెట్టారు. రాత్రి ఇల్లు సద్దుమణిగాక దాని టిక్ టిక్ పక్కవాళ్లకీ వినిపిస్తుంది. రోజూ సాయంత్రం రక్తం గడ్డకట్టకుండా చూసే అసిట్రోమ్ మాత్ర, అదీ జీవితాంతం.

మెటల్ వాల్వు మీద రక్తం గడ్డకట్టే గుణం ఉంది. ఆ గడ్డ వాల్వు రెక్క కదలకుండా చేయొచ్చు, ఊడి మెదడుకు చేరితే పక్షవాతం. గడ్డకట్టడానికి కావలసిన కొన్ని ప్రోటీన్లను కాలేయం విటమిన్ కె సాయంతో తయారుచేస్తుంది. ఆ విటమిన్ మళ్లీ మళ్లీ పనికి రాకుండా ఈ మాత్ర అడ్డుకుంటుంది. రక్తంలో అప్పటికే ఉన్న ప్రోటీన్లు తగ్గేందుకు కొన్ని రోజులు పడుతుంది కాబట్టి, మొదట్లో మాత్రతోపాటు పొట్ట మీద, గడ్డలను వెంటనే అడ్డుకునే హెపారిన్ ఇంజెక్షన్లూ ఇచ్చారు.

రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చెప్పే రక్తపరీక్ష అంకె ఐఎన్ఆర్. ఈ మందు వాడనివాళ్లకు అది 1 దగ్గర ఉంటుంది. నాది 2.5కీ 3.5కీ మధ్య ఉండాలన్నారు. తగ్గితే గడ్డ భయం, పెరిగితే రక్తస్రావం భయం. పక్క మంచం ఆవిడకి 1 మి.గ్రా. చాలింది, నాకు 4 పడుతోంది. కంగారుపడి అడిగితే డాక్టరుగారు, ‘‘మిల్లీగ్రాములు చూడకమ్మా, ఐఎన్ఆర్ చూడు’’ అన్నారు. నాకు బాగా పనికొచ్చిన మాట అదే. నా డైరీలో ఇప్పుడు ‘సోమ, గురు 3, మిగతా రోజులు 4’ అని ఉంటుంది. పక్కనే రిపోర్టు అంకె.

ఆషాఢంలో అత్తయ్య ప్రేమగా మునగాకు వరసగా వండారు. ఆ నెల ఐఎన్ఆర్ 1.9కి పడిపోయింది. ఆకుకూరల్లో విటమిన్ కె ఎక్కువ. మానేయక్కర్లేదు, వారంవారం ఇంచుమించు ఒకే మోతాదులో తినమన్నారు. నడుం నొప్పికి మందుల షాపులో చేతికొచ్చిన మాత్ర మాత్రం వద్దు. డైక్లోఫెనాక్ లాంటివి కడుపులో రక్తస్రావం తెస్తాయి.

మా పెదనాన్నకి గుండె లయ తప్పుతుంది. ఆయన గడ్డలు కట్టకుండా అపిక్సాబాన్ అనే వేరే మందు వాడతారు, నెలనెలా ఈ ఐఎన్ఆర్ పరీక్ష లేదు. అది నాకూ ఇమ్మని అడిగాను. మెటల్ వాల్వు ఉన్నవాళ్లకు పనికిరాదన్నారు. అదే కోవకు చెందిన డాబిగాట్రాన్‌ను ఇలాంటి వాల్వులవాళ్ల మీద పరీక్షించినప్పుడు గడ్డలూ రక్తస్రావమూ రెండూ ఎక్కువై, 2012లో ఆ పరీక్షే ఆపేశారట.

మొన్న పన్ను తీయించుకోవాల్సి వచ్చింది. మాత్ర ఆపేసి రమ్మన్నారు పళ్ల డాక్టరు. ఆపకుండా మా గుండె డాక్టరుకి ఫోన్ చేశాను. ముందురోజు ఐఎన్ఆర్ చూసి, 2.7 ఉంటే, మాత్ర కొనసాగిస్తూనే తీయమని చీటీ రాసిచ్చారు. కుట్టు వేసి, రక్తం ఆగేందుకు ట్రానెక్సామిక్ ఆసిడ్ ద్రావణంతో పుక్కిలించమన్నారు. సాయంత్రానికి రక్తం పూర్తిగా ఆగింది, ఆ పూట మాత్రా వేసుకున్నాను.