గేటు లోపల బాబు, గేటు బయట బాబన్న

మన స్కూలు బ్యాచ్ సంచిక కమిటీ నుంచి మొన్న రాత్రి ఫోను. "గ్రూపులో పన్నెండు దాకా కొట్టుకుంటా ఉండారు కదా, అదేదో రెండు పేజీల్లో రాసి పంపబ్బా, సంక్రాంతి లోపల అచ్చుకు పోవాల" అన్నారు. ఎవరెవరు కొట్టుకున్నామో ఇది చదివే అందరికీ తెలుసు. 2025 ఆగస్టులో మన దేశం ఫుట్‌బాల్ టీమ్‌కి ఖాలిద్ జమీల్‌ని కోచ్‌గా వేసిన రోజు మొదలైన గొడవ అది. బయటివాళ్ల వల్ల ఏమీ కాలేదు, ఇన్నాళ్లకు మనవాడు వచ్చాడని లాయరు ఒకటే సంబరం. వచ్చిన కొద్ది వారాలకే తజికిస్తాన్‌లో జరిగిన టోర్నీలో ఒమన్‌ని పెనాల్టీల్లో కొట్టి మూడో స్థానం తెచ్చేసరికి ఇక పట్టలేకపోయాం వాణ్ణి. అక్టోబరులో గోవాలో సింగపూర్ చేతిలో 2-1తో ఓడి ఆసియా కప్ దారి మూసుకుపోగానే కట్టమంచోడు అందుకున్నాడు. యూరప్ నుంచి తెచ్చుకుంటే తప్ప మనకి బతుకు లేదన్నాడు. అంతకు నాలుగు నెలల ముందు, స్పెయిన్ ఆయన మనోలో మార్కెజ్ ఉన్నప్పుడే హాంకాంగ్‌లో ఓడిపోయాం. హైదరాబాద్ క్లబ్బుకి ఐఎస్ఎల్ (మన దేశం క్లబ్బుల లీగు) కప్పు గెలిపించిన మనిషే ఆయన. అది వాడికి గుర్తు రాలేదు.

ఆ రాత్రి నేను గ్రూపులో ఒకటే లైను పెట్టాను: "ఓడు సార్‌ని మర్చిపోయినారా?" ఐదు నిమిషాలు ఎవరూ ఏమీ మాట్లాడలేదు.

ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల గురించి రాయడానికి నా దగ్గర ఏమీ లేదు. పదో తరగతి అంటే ట్యూషన్లు, అంతే. నాకు స్కూలంటే తొమ్మిదో తరగతి. 1990 జూన్ నుంచి 1991 ఏప్రిల్ దాకా.

మలబారు నుంచి కొత్తగా వచ్చిన ఫుట్‌బాల్ కోచ్ మొదటి రోజు మనల్ని చిత్తూరు మెసానికల్ గ్రౌండులో నిలబెట్టి, ఖాకీ నిక్కరు, మెడలో విజిలు, "ఓడు! ఓడు!" అని అరిచాడాయన. మనం కదల్లేదు. "ఆడకముందే ఓడిపొమ్మంటాడేందిరా" అని మండీ గాడు గొణిగాడు. అరవం వచ్చినవాళ్లు పడీ పడీ నవ్వారు. డబ్బింగ్ వాళ్ల అమ్మమ్మది తమిళనాడులోని గుడియాత్తం కాబట్టి, "పరిగెత్తమంటా ఉండాడురా" అని చెప్పింది వాడే. ఆ క్షణం నుంచి వాడు డబ్బింగ్, ఆయన ఓడు సార్.

దానికంటే పెద్ద తంటా "పందు కొడు"తో వచ్చింది. మలయాళంలో అది "బంతి ఇవ్వు". మన చెవికి "కొట్టు" అని పడేది. పక్కనున్నవాడికి మెల్లగా తోయాల్సిన బంతిని ఎగరేసి గోడ దాటించేవాళ్లం. రెండు వారాలు ఆయన మనల్ని మొండివాళ్లనుకున్నాడు, మనం ఆయన్ని పిచ్చివాడనుకున్నాం. పరాయి కోచ్ మన కుర్రాళ్లకి సరిపోతాడా అని ఎవరైనా అడిగితే నాకు ముందు గుర్తొచ్చేది ఆ గోడ, దాని అవతల ముళ్ల చెట్లలో బంతి కోసం వెతుకుతున్న నేను.

అప్పుడే ఇటలీలో ప్రపంచకప్ జరుగుతోంది. జూన్ 23, శనివారం రాత్రి, టైర్ల అంగడి వెనక గదిలో బ్లాక్ అండ్ వైట్ టీవీ ముందు పదిమందిమి. కామెరూన్, కొలంబియా. ఎక్స్‌ట్రా టైములో కొలంబియా గోల్‌కీపర్ హిగీటా కాళ్ల దగ్గర బంతి లాక్కుని 38 ఏళ్ల రోజర్ మిల్లా గోల్ కొట్టినప్పుడు సార్ మంచం మీంచి లేచి ఎగిరాడు. ఆ తరవాత డబ్బింగ్ చేత మాకొక సంగతి చెప్పించాడు. కామెరూన్ కోచ్ నెపోమ్నియాషీ రష్యా మనిషి. ఆ కుర్రాళ్లు మాట్లాడే ఫ్రెంచి ఆయనకి రాదు, మధ్యలో ఒక దుబాసీ ఉన్నాడు. అయినా తొలి మ్యాచ్‌లోనే మారడోనా ఉన్న అర్జెంటీనాని ఓడించారు. చెప్పడం అయిపోయాక సార్ డబ్బింగ్ భుజం మీద చెయ్యి వేసి "ఈయనే నా దుబాసీ" అన్నట్టు చూపించాడు. తొమ్మిదో తరగతి పిల్లవాణ్ణి "ఈయన" అన్నది నాకు తెలిసి ఆయనొక్కడే. వాడు ఆ రాత్రి ఇంటికి నడిచిన నడక నాకు ఇంకా కళ్లముందుంది.

ఇక మామిడి కాయల సంగతి. జూన్, జూలై అంటే మన ఊళ్లో మామిడి కోతలని మనకి తెలుసు. మలబారు నుంచి వచ్చిన ఆయనకి తెలీదు. మండీ గాడు వారం రోజులు ప్రాక్టీసుకి రాకపోతే పొగరనుకుని టీమ్ లోంచి పేరు కొట్టేశాడు. వాడిని మించిన గోల్‌కీపర్ లేడు. డబ్బింగ్ రెండు రోజులు బతిమాలి, చివరికి ఆయన్ని సైకిల్ వెనక ఎక్కించుకుని తోటకి తీసుకెళ్లాడు. నేను వెనక ఇంకో సైకిల్ మీద. పైన కొమ్మ మీదున్నవాడు తోతాపురి కాయ తెంపి వదుల్తాడు. కింద మండీ గాడు. నేల తగిలితే కాయ దెబ్బ తింటుంది, దెబ్బ తిన్న కాయకి ధర ఉండదు. వాడు మోకాళ్లు కొంచెం వంచి, కాయ అరచేతికి తగిలే క్షణంలో చేతులు వెనక్కి లాక్కుని, చప్పుడు లేకుండా గోనెపట్టా మీద పెట్టేవాడు. ఒకదాని వెనక ఒకటి. కాయ సొన చేతికి అంటి నల్లగా మచ్చలు. సార్ చాలాసేపు అట్లాగే చూశాడు. విజిలు జేబులో పెట్టుకుని తనూ రెండు కాయలు పట్టబోయాడు, రెండూ జారిపోయాయి. మర్నాటి నుంచి సాయంత్రం ప్రాక్టీసు తెల్లవారుజామున ఐదున్నరకి మారింది. మండీ గాడి పేరు మళ్లీ లిస్టులో మొదటికి వచ్చింది.

మన దేశం టీమ్‌కి వచ్చే విదేశీ కోచ్‌లకి ఈ తోట చూపించేవాడు ఉన్నాడా అన్నది నా అనుమానం. క్రొయేషియా నుంచి వచ్చిన ఇగోర్ స్టిమాచ్ క్యాంపులకి ఎక్కువ రోజులు ఇవ్వండని మొత్తుకున్నాడు. క్లబ్బులు ఆటగాళ్లని వదలవు. 2023 ఆసియా క్రీడలకి హాంగ్‌ఝౌలో మన టీమ్ దిగింది సాయంత్రం, మర్నాడే చైనాతో మ్యాచ్. 5-1తో ఓడిపోయాం. అందులో కోచ్ ఏ దేశం వాడన్న దానికి పాత్ర ఎంత? అదే స్టిమాచ్ 2019లో దోహాలో ఖతార్‌ని 0-0తో ఆపాడు, 2023లో దక్షిణాసియా దేశాల శాఫ్ కప్పు తెచ్చాడు. 2015లో 173వ ర్యాంకులో ఉన్న టీమ్‌ని 2017 జూలైకి 96కి తెచ్చిన స్టీఫెన్ కాన్‌స్టాంటైన్ ఇంగ్లండు మనిషి, 27 ఏళ్ల తరవాత 2011 ఆసియా కప్‌కి చేర్చిన బాబ్ హౌటన్ కూడా ఇంగ్లండు మనిషే. కాబట్టి బయటివాళ్ల వల్ల ఏమీ కాలేదన్న లాయరు మాట నేను ఒప్పుకోను.

ఇప్పుడు బాబన్న. పదో తరగతి, కెప్టెను. జెర్సీలు వాళ్ల నాన్న కుట్టించినవి, గ్రౌండుకి సున్నం వాళ్ల బండిలో వచ్చేది. బాబన్న చెడ్డవాడు కాదు, ఆ మాట ఎవరన్నా నేను ఊరుకోను. కానీ బంతి ఎవరి కాలికి దొరికినా బాబన్నకే పోవాల. ఆయన ఎవరికి ఇస్తే వాళ్లకి. జూనియర్లం నోరెత్తి "ఇటు ఇవ్వు" అనడం మనకి అలవాటు లేదు. సార్ సెప్టెంబరులోనే రూలు పెట్టాడు, గ్రౌండులో అన్నా గిన్నా లేదు, పేరే పిలవాలని. ఒక్కడూ పాటించలేదు. డబ్బింగ్ కూడా ఆ రూలు చెప్పేటప్పుడు "బాబన్నని బాబు అనాలంట" అన్నాడు, గొంతు తగ్గించి.

డిసెంబరులో మదనపల్లె వాళ్లతో ఫైనలు. హాఫ్ టైముకి 1-0తో వెనకబడ్డాం. బాబన్న మీద ఇద్దరు అతుక్కుని ఉన్నారు, బంతి అన్నిసార్లూ అక్కడికే పోయి అక్కడే చచ్చిపోతోంది. ఎడమ వైపు నేను ఖాళీగా నిలబడి ఉన్నాను. రాగి అంబలి గ్లాసులు పంచుతుంటే సార్ నా దగ్గరికి వచ్చాడు. ఎందుకు పిలవలేదు? నేను తల వంచుకున్నాను. ఎవరి నాన్న ఎవరో ఆయనకి తెలీదు, తెలుసుకోడు కూడా. ఖాళీ ఎక్కడుందో అదొక్కటే ఆయనకి కనపడేది. అందరి ముందు, బాబన్న ముందు, పేరు పెట్టి పిలవమన్నాడు. నాకు నోరు రాలేదు. మూడోసారి అడిగేసరికి బాబన్నే గ్లాసు కింద పెట్టి, "అనరా, పర్వాలేదు" అన్నాడు.

రెండో హాఫులో పది నిమిషాలకి అరిచాను. "బాబూ! ఇటు!" ఆయన ఒక్క క్షణం ఆగి నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం ఉందా లేదా అని ముప్పై అయిదేళ్లుగా ఆలోచిస్తున్నాను. బంతి మాత్రం సరిగ్గా నా ఎడమ కాలి ముందుకి వచ్చింది. నేను లోపలికి ఎత్తాను, డబ్బింగ్ తల పెట్టాడు. 1-1.

పెనాల్టీల్లో మండీ గాడు రెండు ఆపాడు. నాది పోస్టుకి తగిలింది. ఒక గోల్‌తో ఓడిపోయాం.

గాంధీ బొమ్మ దాకా సైకిల్ తోసుకుంటూ నేనూ బాబన్నా నడిచాం. మాటల్లేవు. మసాలా బొరుగుల బండి దగ్గర ఆగి రెండు పొట్లాలు కట్టించి ఒకటి నా చేతిలో పెట్టాడు. "రేపటి నుంచి గేటు లోపల బాబు. గేటు దాటితే బాబన్న. అందరికీ చెప్పు" అన్నాడు. సార్ మూడు నెలలు అరిచినా పట్టని రూలు మర్నాటి ప్రాక్టీసుకల్లా అందరికీ పట్టింది.

ఇది నాకు మళ్లీ ఎక్కడ తగిలిందో చెప్పాలి. ఏడేళ్లుగా నేను పెనుకొండ దగ్గర కొరియా వాళ్ల ఫ్యాక్టరీలో ఉన్నాను. ఇవాళ నా సెక్షన్‌లో 140 మంది, అందులో సగం మన సీమ పిల్లలే. వాళ్ల మధ్య, కొరియా మేనేజర్ల మధ్య దుబాసీ పని కూడా నాదే, కొరియన్ రాత్రిళ్లు కూర్చుని నేర్చుకున్నాను. కొరియాలో పెద్దవాణ్ణి "హ్యోంగ్" అంటారు, అచ్చం మన అన్న. 2002 ప్రపంచకప్‌కి హాలండు నుంచి హిడింక్‌ని తెచ్చినప్పుడు ఆయన చేసిన పనుల్లో ఒకటి, గ్రౌండులో ఆ పిలుపు ఆపించి పేర్లతో పిలుచుకోమనడం. భోజనాల దగ్గర పెద్దవాళ్లు ఒక బల్ల, చిన్నవాళ్లు ఒక బల్ల ఉంటే కలిపేశాడు. మొదట్లో 2001లో ఫ్రాన్స్ చేతిలో 5-0, చెక్ వాళ్ల చేతిలో 5-0. పంపించెయ్యమన్నారు జనం. పంపలేదు. తరవాతి ఏడాది పోర్చుగల్, ఇటలీ, స్పెయిన్‌లని దాటి సెమీఫైనల్. మా మేనేజరుకి అప్పుడు పదిహేనేళ్లట. హ్యోంగ్ అనొద్దన్నందుకు వాళ్ల నాన్న మొదట్లో చాలా బాధపడ్డాడని చెప్పాడు. "పెద్ద ఆటగాళ్లు ఒప్పుకున్నారు, అందుకే జరిగింది" అన్నాడు. నాకు బొరుగుల పొట్లం గుర్తొచ్చింది.

2023లో కంపెనీ నన్ను ట్రైనింగుకి గ్వాంగ్జు పంపింది. స్పెయిన్‌ని పెనాల్టీల్లో గెలిచిన స్టేడియం అక్కడే. దానికి హిడింక్ పేరు పెట్టుకున్నారు. ఆదివారం ఒక్కణ్ణే వెళ్లి ఖాళీ మెట్ల మీద కూర్చున్నాను. ఇంటికి ఫోను చేద్దామనుకుని డబ్బింగ్‌కి చేశాను.

లాయరూ, నీ మాటలో నిజం ఉంది. 2022 దాకా 22 ప్రపంచకప్పులు జరిగితే ఒక్క దేశం కూడా పరాయి కోచ్‌తో గెలవలేదు. మన గొప్ప రోజులు కూడా మన హైదరాబాద్ కోచ్ రహీం సాబ్‌వే. స్కూలు పంతులుగా మొదలైన మనిషి, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాని 2-1తో కొట్టి బంగారం. తల పగిలి కుట్లు పడిన జర్నైల్ సింగ్‌ని ముందుకి పంపితే ఆయన గోల్ కొట్టాడు. ఎవరు ఎంత ఓర్చుకోగలరో ఇంట్లోవాడికే తెలుస్తుంది. మరుసటి ఏడాదే రహీం సాబ్ క్యాన్సర్‌తో పోయాడు, అంతటి జట్టు మళ్లీ కట్టలేకపోయాం.

కట్టమంచోడా, నీకూ ఒకటి. ఫ్రాన్స్ వాడు త్రూసియే 2002లో జపాన్‌ని మొదటిసారి గ్రూపు దాటించాడు. అదే మనిషి వియత్నాంకి వెళితే 2024 మార్చిలో తీసేశారు. అంతకుముందు అక్కడ అయిదేళ్లకు పైగా ఉన్న పార్క్ హాంగ్-సో కూడా బయటివాడే, కొరియా మనిషి. 2018లో ఆగ్నేయాసియా కప్పు తెచ్చాడు. ఆటగాళ్ల పాదాలకి తనే మర్దన చేసిన మనిషి ఆయన, ఆ ఊరివాళ్లు సొంత మనిషనుకున్నారు. నేను అడిగేది ఇంతే: పరాయివాణ్ణి తెచ్చుకోండి, గ్రౌండులో ఎవరు ఎవరి కొడుకో తెలియని కళ్లు మనకి కావాలి. కానీ ఆయన పక్కన ఒక డబ్బింగ్‌ని పెట్టండి, జట్టులో ఒక బాబన్న దొరికేదాకా ఓపిక పట్టండి. ఏడాదికి ఒకణ్ణి మారిస్తే ఇద్దరూ దొరకరు.

మనం కూడా మార్చేశాం. 1991 ఏప్రిల్‌తో సార్ టెంపరరీ పోస్టు అయిపోయింది, ఎవరూ పొడిగించలేదు. పదో తరగతిలో మనకి కోచ్ లేడు.

పోయిన నెల టైర్ల అంగడి వాళ్ల అబ్బాయి ద్వారా డబ్బింగ్ ఆయన్ని పట్టుకున్నాడు. తిరూర్ దగ్గర ఉంటున్నాడు, మోకాళ్ల నొప్పులు. ఫోనులో మొదటి మాట, మండీ గాడు మామిడి తోట ఉంచుకున్నాడా అమ్మేశాడా అని. ఉంచుకున్నాడని చెబితే నవ్వాడట.

మన బ్యాచ్ మీటింగుకి వస్తానన్నాడు. కాట్పాడి దాకా రైలు, అక్కడి నుంచి నా కారు. బాబన్నా, మీరు వెనక సీట్లో ఆయన పక్కన కూర్చోండి. డబ్బింగూ, నువ్వు ముందు కూర్చుని వెనక్కి తిరిగి ఉండాల. ఆయనకి తెలుగు ఇంకా రాదు.