విడుదలైన సాయంత్రం

బాల నేరస్థుల హోమ్ గేటు దాటి వచ్చిన కుర్రాడి చేతిలో ఒక్క సంచి. అందులో రెండు జతల బట్టలు, చార్జింగ్ లేని ఫోను. ఇలాంటి పిల్లలకు తోడుగా వెళ్లడం మొదలుపెట్టి ఆరేళ్లయింది. నన్ను భయపెట్టేది వాళ్లు లోపల గడిపిన నెలలు కాదు, ఈ మొదటి సాయంత్రమే. ఫోనుకు ప్రాణం రాగానే మెసేజ్‌లు వరసగా మోగాయి. అన్నీ పాత స్నేహితులవే. బడి నుంచి ఒక్కటీ లేదు.

పిల్లల నిర్బంధం చివరి మార్గంగానే, వీలైనంత తక్కువ కాలమే ఉండాలని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక చెబుతుంది. మంచిదే. కానీ బయటకొచ్చాక?

జైలు చూపించి బెదిరిస్తే దారికొస్తారని ఒకప్పుడు నేనూ నమ్మాను, సిగ్గుపడుతూ చెబుతున్నాను. అమెరికాలో 1970లలో పేరు తెచ్చుకున్న ఆ పద్ధతిని పరీక్షించి చూస్తే, అలా జైలు చూసొచ్చిన పిల్లలే, చూడనివాళ్ల కంటే ఎక్కువగా నేరాలు చేశారని తేలింది. భయం నాలుగు రోజుల్లో కరిగిపోతుంది, పిలిచే స్నేహితుడు మాత్రం రోజూ పిలుస్తాడు.

"రేపు వెల్డింగ్ క్లాసు ఎన్నింటికి సార్?" అన్నాడు.

"తొమ్మిదికి. ఎనిమిదింటికే వస్తాను."

"నిజంగా వస్తారా?" అని రెండుసార్లు అడిగి, ఏడింటికి అలారం పెట్టుకున్నాడు.