సగటు తీసేస్తే మిగిలేది

జనవరి నెలాఖరు, మంగళవారం. పర్లాకిమిడి.

పొద్దున్న ల్యాప్‌టాప్ తెరవగానే టెన్షన్. గాలిని కొలవడానికి మేం స్తంభం పాతిన పొలంలో నిన్న మధ్యాహ్నం రెండింటి నుంచి గాలి ఆకాశంలోకి పోతోంది! గాలి బాగా వీచిన ఏ అరగంట సగటు తీసినా నిలువు గాలి సెకనుకు 10 సెంటీమీటర్ల దాకా, అదీ పైకి. చదును వరిమడిలో పైకి వెళ్ళిన గాలీ కిందికి దిగిన గాలీ అరగంటలో చెల్లుకు చెల్లు అయిపోవాలి. సగటు సున్నా దగ్గర్లో ఉండాలి.

బండి తీసి మహేంద్రతనయ నది ఒడ్డున ఉన్న ఆ పొలానికి పోయాను. స్తంభానికి రసమట్టం ఆనిస్తే బుడగ పక్కకి జరిగింది. స్తంభాన్ని నిలబెట్టే ఒక లాగుడు తీగకి నల్లటి వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి. ఏదో గేదె ఒళ్ళు రుద్దుకుంది. స్తంభం రెండు డిగ్రీలు ఒరిగితే చాలు, సెకనుకు 3 మీటర్ల గాలిలోంచి ఆ 10 సెంటీమీటర్లు నిలువు లెక్కలోకి దూరిపోతాయి. ఎప్పుడు ఒరిగిందో అంకెల్లోనే కనిపిస్తోంది కాబట్టి సరిచేసుకోవచ్చు. తీగ బిగించాను. లాగ్‌బుక్‌లో గేదె సంగతి రాయాలా వద్దా అని కాసేపు ఆలోచించి, రాశాను.

స్తంభం పదిమీటర్ల ఎత్తు. పైన సోనిక్ ఎనిమోమీటర్, అంటే శబ్దంతో గాలి వేగం కొలిచే యంత్రం. ఎదురెదురుగా మూడు జతల బుడిపెలు, మనకి వినిపించని శబ్దాన్ని ఒకదాని నుంచి ఒకదానికి పంపుకుంటాయి. గాలి వాటున వెళ్ళే శబ్దం ముందు చేరుతుంది, ఎదురెళ్ళేది ఆలస్యం అవుతుంది. పది సెంటీమీటర్ల దూరానికి సెకనులో మూడువేల వంతు కూడా పట్టదు, అందులో తేడా ఇంకెంత ఉంటుంది! అయినా సెకనుకు 20 సార్లు పట్టుకుంటుంది. అరగంటకి 36,000 వరసల అంకెలు. ఇంత చేసే యంత్రం మంచు చుక్కకి ఓడిపోతుంది. బుడిపె మీద నీటిబొట్టు నిలిస్తే అంకెలు ఖాళీ. ఈ నెలలో తెల్లవారుజాములు చాలా అలాగే పోయాయి.

గాలికి గిన్నెలు గిరగిరా తిరిగితే వేగం చెప్పే 1846 నాటి రాబిన్సన్ యంత్రానికి ఈ మంచు బాధ లేదు. కానీ గాలి విసురు రాగానే గిన్నెలు చప్పున అందుకుంటాయి, తగ్గినప్పుడు మాత్రం తొందరగా తగ్గవు. గాలి ఎగుడుదిగుడుగా ఉన్న రోజున ఉన్నదానికంటే ఎక్కువే చెబుతాయి. నిలువు గాలి వాటికి తెలియనే తెలియదు.

పక్క కళ్ళంలో మామ్మ చేటతో చోళ్ళు తూర్పారబడుతోంది.

"ఏటి బాబూ, గాలి తూకం అవనేదా ఇంకా?"

"అవుతోంది మామ్మా. నీ పని?"

"ఏటవుద్ది? ఒక్క తీరున నిలబడట్నేదు. ఓపాలి తాలు ఎగరదు, ఓపాలి గింజ కూడా లేచిపోతంది."

మేం లెక్కకట్టేది సరిగ్గా ఆవిడ తిట్టేదాన్నే. అరగంట గాలికి సగటు కట్టి, ప్రతి అంకెలోంచీ ఆ సగటు తీసేస్తాం. మిగిలిన హెచ్చుతగ్గుల్ని వర్గం చేసి సగటు కడితే గాలి అల్లకల్లోలం ఎంతో తెలుస్తుంది. నేలనుంచి వేడీ తేమా పైకి పోయేది ఎక్కువగా ఈ సుడుల మీదే. ఆవిడ గింజ ఉంచుకుని తాలు వదిలేస్తుంది. మేం గింజని పక్కన పెట్టి తాలు మూటగట్టుకుంటాం. ఈ మాట ఆవిడతో అనలేదు, నవ్వుతుందని.

తిత్లీ తుఫాను రోజు, 2018 అక్టోబరు, ఈ యంత్రం ఉంటే ఏం చెప్పేదో అని మామ్మని ఒకసారి అడిగాను. "చెప్పడానికి అది మిగిలితే కదా," అంది.

అయిదు దాటేసరికి గాలి పడిపోయింది. నదికి అవతల పాతపట్నం వైపు పొయ్యిల పొగ పైకి లేవకుండా చాపలా పరుచుకుంది. నేల చల్లబడింది, పైన గాలి ఇంకా వెచ్చగానే ఉంది, ఇక రెండూ కలవవు. పైన గాలి వీస్తూనే ఉంటుంది, కిందికి మాత్రం దిగదు. రేపు ఎండకి నేల వేడెక్కి సుడులు లేస్తేనే ఆ జోరు కళ్ళం దాకా వస్తుంది.

మామ్మ చేట దులిపి చంకన పెట్టుకుంది.

"రేపు గాలెప్పుడొస్తదో నీ మిషను సెప్పదా?"

రెండు వారాల అంకెలు కళ్ళముందు పెట్టుకుని, "పదకొండు దాటాక మామ్మా," అన్నాను.

"అది నాకూ తెల్సు," అని వెళ్ళిపోయింది.