ముందు సిగ్నల్ సంగతి చూడండి

ఆరోగ్య కార్యకర్తల కోసం సాఫ్ట్‌వేర్ ఎంచుకునే పనిలో కొన్నాళ్లు ఉన్నాను. మీటింగుల్లో అందరి కళ్లూ డ్యాష్‌బోర్డు రంగుల మీదే. నెట్ లేకపోతే ఫారం సేవ్ అవుతుందా అని అడిగితే, అమ్మడానికొచ్చిన కంపెనీవాళ్లు "అది తర్వాతి వెర్షన్‌లో సార్" అనేవాళ్లు. ఫీల్డులో ఒకావిడ ఫోన్‌లో చక్రం తిరుగుతూనే ఉంది. ఆవిడ విసుక్కోకుండా వివరాలన్నీ నోటుబుక్కులో రాసేసుకుంది.

కెన్యాలో 2007లో మొదలైన ఎం-పెసా అనే మొబైల్ చెల్లింపుల సేవ మామూలు బటన్ ఫోన్లలోనే, ఇంటర్నెట్ లేకుండానే డబ్బు పంపించింది. పెరూలో బడిపిల్లలకు లక్షల్లో లాప్‌టాప్‌లు పంచారు. లెక్కల్లో, భాషలో మార్కులు పెరిగిన దాఖలా అధ్యయనంలో కనబడలేదు.

కొనడానికి ఎక్కడలేని ఉత్సాహం! టీచర్ల శిక్షణకూ రిపేర్లకూ బడ్జెట్ అడిగితే మాత్రం ముఖాలు మాడిపోతాయి.

ఇప్పుడు డెమోకి ఎవరొచ్చినా, ముందు ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టమంటున్నాను.