తుంగకు వాన పంచే ఊరు

కర్నూలులో పుట్టి పెరిగినవాళ్ళకు వాన అంటే ఎదురుచూపు. ఏడాదంతా కురిసినది కలిపినా సగటున 700 మిల్లీమీటర్లు దాటని మా ఊరికి సుంకేశుల దగ్గర తుంగభద్ర నుంచి తాగునీరు వస్తుందని చిన్నప్పుడే తెలుసు కానీ, ఆ నీళ్ళు మొదట ఎక్కడ కురుస్తాయో వెళ్ళి చూడాలన్న కోరిక నలభై దాటాక గాని కలగలేదు. భద్రతో కలిసి తుంగభద్ర అయ్యే తుంగ గంగమూలలో పుడుతుందని పుస్తకాల్లో చదువుకున్నాం. అయితే ఒక్క ఊటతో నది కాదు, దారిపొడవునా వాగులు వచ్చి కలవాలి. అలాంటి వాగులు కొన్ని శివమొగ్గ జిల్లా తీర్థహళ్ళి తాలూకాలో, పడమటి కనుమల అంచున ఉన్న అగుంబె చుట్టుపక్కల అడవుల్లో మొదలవుతాయి. గత జూలైలో ఆ ఊళ్ళో మూడు రోజులు ఉండి వచ్చాను.

బళ్ళారి, చిత్రదుర్గం మీదుగా శివమొగ్గ చేరేదాకా సన్నని తుంపరే. అక్కడినుంచి బస్సు తుంగ పక్కనే ఎగువకు సాగి, తీర్థహళ్ళి దాటి, మరో ముప్పై కిలోమీటర్లు అడవిలోకి వెళుతుంది. ఆ ముప్పై కిలోమీటర్లలోనే తుంపర కాస్తా వాన అయింది, వాన కాస్తా ధార అయింది. దిగేసరికి నా గొడుగు ఎందుకూ పనికిరాలేదు. బస్సు ఆగేచోట నాలుగు దుకాణాలు, ఒక గుడి, పెంకుటిళ్ళ వరుస కనిపించాయి. ఊరంటే దాదాపు అంతే. బస చేసిన ఇంటి అరుగు మీద తల తుడుచుకుంటూ, "ఇదేం వానమ్మా!" అని నాకు వచ్చిన కాస్త కన్నడంలో అన్నాను. ఆ పెద్దావిడ నవ్వి, "ఇదేను మళె?" అంది. ఇదీ ఒక వానేనా అని. మిరియాలు, ధనియాలు, జీలకర్ర పొడిని పాలలో మరిగించి, బెల్లం వేసిన కషాయం చేతికిచ్చింది. ఆ మూడు రోజులూ కాఫీ ఊసే ఎత్తలేదు.

ఆమె మాటలో అతిశయోక్తి లేదు. అగుంబెలో ఏడాది సగటు వర్షపాతం దాదాపు 7,600 మిల్లీమీటర్లు. 1946 ఆగస్టు ఒక్క నెలలోనే 4,508 మిల్లీమీటర్లు కురిసిందని లెక్క ఉంది. అంటే మా కర్నూలుకు ఆరేళ్ళకు పైగా పడే వాన అక్కడ ఒక్క నెలలో పడిందన్నమాట. కారణం ఊరు ఉన్న చోటే. అరేబియా సముద్రం మీదినుంచి నీటితో బరువెక్కి వచ్చే నైరుతి గాలులకు తీరమైదానం దాటగానే కనుమలు నిలువుగోడలా అడ్డు తగులుతాయి. ఆ గాలి పైకెక్కి చల్లబడి, మోసుకొచ్చిన నీటిని గోడ అంచునే దించేస్తుంది. సముద్రమట్టానికి సుమారు 640 మీటర్ల ఎత్తున అగుంబె సరిగ్గా ఆ అంచు మీద ఉంది. దీన్ని దక్షిణాది చిరపుంజి అని పిలవడం నాకెందుకో నచ్చదు. ఏ ఊరికైనా తన పేరు తనకుండగా మరో ఊరి పేరు అరువు తేవడం దేనికి? పైగా ఈ మధ్య కొన్నేళ్ళలో అదే జిల్లాలో ఉన్న హులికల్‌లో ఇంతకన్నా ఎక్కువ వాన నమోదవుతోంది, ఆ మాట అగుంబెలో ఎత్తితే మాత్రం ఎవరూ పెద్దగా సంతోషించరు.

ఆ అంచు దగ్గర నిలబడితే నీళ్ళు రెండుగా చీలడం తెలుస్తుంది. పడమటి వాలున పడిన చినుకు సీతానదిలో కలిసి, కొద్ది దూరంలోనే అరేబియా సముద్రం చేరిపోతుంది. తూర్పు వైపు పడిన చినుకు వాగుల వెంట తుంగలోకి వెళ్ళి, కూడలి దగ్గర భద్రతో కలిసి, హోసపేట ఆనకట్టలో కొన్నాళ్ళు ఆగి, మంత్రాలయం, కర్నూలు దాటి సంగమేశ్వరం దగ్గర కృష్ణలో పడి, చివరికి హంసలదీవి దగ్గర బంగాళాఖాతం చూస్తుంది. చేయి చాచినంత దూరంలో పడిన రెండు చినుకులు రెండు సముద్రాల పాలవుతున్నాయి.

ఇంట్లో నన్ను బాగా ఆకట్టుకున్నది స్నానాలగది. పొయ్యి మీద పెద్ద రాగి అండా, కింద రోజంతా ఆరని నిప్పు, పైన దూలాలకు కట్టిన వెదురు బొంగులు, వాటి మీద ఇంటిల్లిపాది బట్టలూ ఉన్నాయి. వానాకాలంలో ఎండ కోసం చూస్తే బట్టలు బూజు పడతాయి కనుక వాటిని పొగలోనే ఆరబెడతారు. నా చొక్కా రెండో రోజున అక్కడికెక్కి, మూడో రోజున కూడా తడిగానే దిగింది. పొలంలో వంగి పనిచేసేవాళ్ళు వీపు మీద ఆకులతో అల్లిన గొరబు వేసుకునేవారట, ఇప్పుడు ప్లాస్టిక్ పట్టాలు వచ్చాయి. మన పల్లెల్లో గిడుగు ఎరిగినవాళ్ళకు ఆ వస్తువు గురించి వేరే చెప్పనక్కర్లేదు.

ఇంత వానా పంటకు మేలేనని అనుకుంటే పొరపాటు. ఇక్కడి బతుకుతెరువు పోకతోట. ఎడతెగని తడికి గెలల మీద కొళెరోగం పుట్టిందంటే లేత కాయలు కుళ్ళి రాలిపోతాయి. వాన కాస్త తెరిపి ఇచ్చిన పూటే చెట్టెక్కి గెలలకు బోర్డో మిశ్రమం కొట్టాలి. మైలుతుత్తం, సున్నం కలిపిన ఆ నీలిమందు మరకలు నేను బస చేసిన ఇంటి యజమాని చొక్కా మీద కనిపించాయి. తెరిపి రాకపోతే ఆ ఏడాది ఆదాయం తోటలోనే కుళ్ళిపోతుందని ఆయన మామూలుగా చెప్పాడు, నేను ఎండ గురించి చెప్పినట్టే.

అడవిలోకి మర్నాడు వెళ్ళాం. కాళ్ళకు పాకే జలగలకు ఉప్పు, సున్నం మూటగట్టిన గుడ్డ కట్టె చివర తగిలించుకుంటే చాలన్నారు కానీ నాకది అంతగా పనిచేయలేదు, ఏడు జలగలు పట్టాయి. ఈ అడవికి రాచనాగు పెట్టింది పేరు. పాముల నిపుణుడు రోములస్ విటేకర్ 1971లో ఇక్కడ రాచనాగును చూసి, 2005లో వర్షారణ్య పరిశోధనా కేంద్రం నెలకొల్పారు. ఆకులు పోగేసి గూడు కట్టి గుడ్లు పెట్టే పాము ఇదొక్కటే. ఇతర పాములే దీని ఆహారం కాబట్టి జెర్రిపోతు వెంటపడి ఇళ్ళలోకి కూడా వస్తుందట. అప్పుడు ఊరివాళ్ళు కర్ర తీయరు, పట్టి అడవిలో వదిలేవాళ్ళను పిలుస్తారు. పడమటి కనుమల రాచనాగును 2024లో ప్రత్యేక జాతిగా గుర్తించి శాస్త్రీయనామంలో 'కాళింగ' అని చేర్చారు. కన్నడిగులు అంతకుముందు నుంచీ దాన్ని కాళింగ సర్పమనే పిలుస్తున్నారు కనుక, శాస్త్రమే కాస్త ఆలస్యంగా ఊరి మాట విన్నదని నాకు అనిపించింది.

దూరదర్శన్‌లో మాల్గుడి డేస్ చూసినవాళ్ళకు ఈ వీధి తెలిసినట్టే ఉంటుంది. శంకర్ నాగ్ ఆ కథలను చాలావరకు ఇక్కడే తీశారు. అందులో కనిపించే దొడ్డమనె అనే పెద్ద ఇల్లు ఇప్పటికీ ఉంది. వచ్చినవాళ్ళు దాని ముందు ఫొటోలు దిగి, సూర్యాస్తమయం చూసే చోటికి వెళ్ళి, జూలైలో అక్కడ మబ్బు తప్ప ఏమీ కనబడక నిరాశతో వెనుదిరుగుతారు. సముద్రం దాకా చూపు ఆనాలంటే చలికాలంలో రావాలి.

నాలుగో రోజు తెల్లవారి బస్సెక్కాను. తీర్థహళ్ళిలో వాన సన్నబడింది. శివమొగ్గ దాటాక అద్దాలు తుడవాల్సిన అవసరం లేకపోయింది. చిత్రదుర్గం దగ్గర దుమ్ము రేగుతోంది. నాతో బయలుదేరిన నీళ్ళు ఇంకా శివమొగ్గకు ఎగువన గాజనూరులో ఉన్న తుంగ ఆనకట్ట దాటాయో లేదో, దాటినా హోసపేటలో ఆనకట్ట నిండేదాకా ఆగాలి కదా అనుకుంటూ రాత్రికి ఇల్లు చేరాను. మూడు రోజులు ఆరని చొక్కాను మర్నాడు పొద్దున మిద్దె మీద వేస్తే గంటలో ఫెళఫెళలాడింది. కట్టెలపొగ వాసన మాత్రం రెండు ఉతుకుల దాకా వదల్లేదు.